కుడి సగం

మార్చి 11, బుధవారం,
ముందు బల్ల దగ్గర నుంచి.

చిరంజీవి సౌభాగ్యవతి మిడతకు,

అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టకపోతే ఉత్తరం ఉత్తరంలా ఉండదు కాబట్టి ఆ మాట రాశాను. చివరిదాకా చదివాక దాన్ని ఉంచాలో కొట్టేయాలో నువ్వే తేల్చుకో. అక్కడ నువ్వూ, మా మరిదిగారూ, మీ అత్తగారూ, అందరికంటే ముందు ఆ చంటివెధవా చల్లగా ఉండాలి. ఒక బిడ్డ తల్లినయ్యాక కూడా మిడతేమిటని మొహం ముడుచుకోకు. ఆపరేషన్ అయిన మర్నాడే మంచం మీంచి గెంతబోయి నర్సు చేత చీవాట్లు తిన్నదాన్ని ఇంకేమని పిలవను?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఫోన్ చేస్తే సరిపోయేదిగా అంటావు. ఈ క్లినిక్ బల్ల మీది ఫోన్‌లో ఏం మాట్లాడినా లోపల వదిన గదిలో వినిపిస్తుంది. సెల్‌లో మాట్లాడదామంటే పైన మాకున్నది ఒక్క గది. అందులో మీ బావ చెవులు రెండు, పాప చెవులు రెండు. కాగితమైతే కిక్కురుమనదు. అందుకే వచ్చేపోయేవాళ్ళ మధ్య, ఫైలు కింద పెట్టుకుని ఇలా ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను. అక్షరం వంకర పోయిన చోటల్లా ఎవరో తలుపు తీశారని అర్థం చేసుకో.

పత్రికలో క్లినిక్ ప్రకటన చూశానని రాశావు. అందులో తల లేదు, కాళ్ళు లేవు, ఉత్త పొట్ట. అయినా బొడ్డు కింద పుట్టుమచ్చ చూసి, ఇది మా అక్కే అని దంతాల డాక్టరు దగ్గర అందరిలో కేక పెట్టావట. నవ్వొచ్చింది. జనం మనిషిని మొహం చూసి గుర్తుపడతారు, నువ్వు బొడ్డు చూసి గుర్తుపట్టావు. నవ్వాక, మిగతాది చదివాను.

నీ కాన్పు కోత మానాక తాడులా లావెక్కిందనీ, ఎండ పడితే దురద పుడుతోందనీ, స్నానాల గదిలో అద్దానికి తువ్వాలు కప్పేస్తున్నావనీ రాశావు. మా మరిదిగారు పల్లెత్తు మాట అనరట. దీపం ఆర్పమనేది నువ్వేనట. నీ పొట్ట చూశాకే ధైర్యం వచ్చిందక్కా అన్నావు. వచ్చే ఆదివారం నుంచి చంటాడికి పాలు మాన్పించి, వాణ్ణి మీ అత్తగారికి అప్పగించి, బడికి సెలవు పెట్టి, లేజర్ పూర్తయ్యేదాకా మా దగ్గరే ఉంటానన్నావు. పాలు మాన్పించడం అన్న చోట నీ కలం ఆగిన మరక కనిపించింది. వాడికి ఇంకా పళ్ళైనా రాలేదు కదే.

ఆగు, గంట.

వచ్చాను. ఇక్కడ గంటల భాష ఒకటుంది, నీకు చెప్పలేదు కదూ. వదిన గదిలో బల్ల కింద ఒక మీట ఉంటుంది. ఒకసారి నొక్కితే ఫైలు తెమ్మని. రెండుసార్లు నొక్కితే నన్ను రమ్మని. నన్ను అంటే నన్ను కాదు, నా పొట్టని.

ఇంకా అర్థం కాకపోతే మొదటి నుంచీ చెప్తాను. మీ బావ ఉద్యోగం ఊడినప్పుడు, ఆయన్ని చదివించిన అక్కగారే, అంటే మా వదినే, మళ్ళీ ఆదుకుంది. ఆవిడ చర్మం డాక్టరు. క్లినిక్ పైనున్న గది మాకిచ్చింది. పద్దులు చూసే పని తమ్ముడికి, ముందు బల్ల నాకు. ఆ విశ్వాసం ఉండాలి, లేదని కాదు. కానీ ఆ గదికి వీధిలోకి వేరే మెట్లు లేవు. పాల ప్యాకెట్‌కి వెళ్ళాలన్నా క్లినిక్‌లోంచే దిగాలి. చెత్తబుట్టతో దిగుతుంటే వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్ళంతా తలెత్తి చూస్తారు. జ్వరమొచ్చి సెలవు పెట్టినా నేను వాళ్ళ నెత్తి మీదే ఉంటాను. గంట పైకి కూడా వినిపిస్తుంది.

నా కోత సంగతి నీకు పోయినసారి రాసినదే. ఎడమ సగం నీదానిలాగే లావుగా, ఎర్రగా లేచి ఉంటుంది. కుడి సగం సన్నటి గీత, వెలుతురులో వెతికితే గానీ కనిపించదు. ముందు, తరవాత, రెండూ ఒకే పొట్ట మీద. ఏ క్లినిక్ దగ్గరా ఇలాంటిది లేదని వదిన గర్వం. వేరే చోట ఫొటోలు చూపిస్తారు, ఫొటోలు ఎలాగైనా దిద్దుకోవచ్చు, మా దగ్గర మనిషే ఉంది అంటుంది. ఆ మనిషిని నేను.

ఎలా జరుగుతుందో చెప్తాను. రెండు గంటలు మోగుతాయి. నేను వెళ్తాను. అందరికీ మామూలు యూనిఫాం, నాకు మాత్రం పైచొక్కాకి కింది నుంచి టిచ్ బటన్లు, పాంటుకి ఎలాస్టిక్. వదిన ప్రత్యేకంగా కుట్టించింది. బటన్లు లాగితే టపటపమని ఊడతాయి. ఎదురుగా కొత్త తల్లి ఒకామె, పక్కన భర్తో, తల్లో. వదిన కలం మూత పెట్టి చూపిస్తుంది, ఇటు చూడండి, ఇది ముందు, ఇది తరవాత అని. తరవాత ముట్టుకోవచ్చండీ, పరవాలేదు అంటుంది. పరవాలేదో లేదో నన్నెవరూ అడగరు. చల్లటి గదిలోంచి వచ్చిన చల్లటి వేళ్ళు. ఒకామె ఉంగరం గీరుకుంది. ఒకామె అత్తగారు కళ్ళజోడు మార్చుకుని మరీ వంగి చూసింది. పండు కొనేవాళ్ళు కూడా పండుకి అంత దగ్గరగా వంగరు. మొన్న వీధి చివర కూరల కొట్లో ఒకామె నా పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటోంది. అంతకుముందు రోజే నా పొట్ట నిమిరి వెళ్ళిన మనిషి. నేను నవ్వితే, ఎవరో పిచ్చిదనుకుని పక్కకి జరిగింది. నా మొహం కంటే నా పొట్టకే పరిచయాలు ఎక్కువయ్యాయి మిడతా.

వాళ్ళ వేళ్ళు ఎప్పుడూ కుడి నుంచి మొదలై ఎడమకి వస్తాయి. సరిగ్గా మధ్యకి రాగానే ఆగుతాయి. అలా ఆగినప్పుడల్లా అమ్మ గుర్తొస్తుంది. ఒక వేసవి సెలవుల్లో మనిద్దరికీ ఒక కిటికీ తెర ఇచ్చి అంచు మడిచి కుట్టమంది చూడు. నువ్వు ఒక కొస నుంచి, నేను ఇంకో కొస నుంచి మొదలుపెట్టాం. అంతా నేనే కుట్టానని నేను, కాదు నేనే కుట్టానని నువ్వు జుట్లు పట్టుకున్నాం. అమ్మ ఇంటిల్లిపాదినీ కుట్టుమిషన్ మీద నెట్టుకొచ్చిన మనిషి కదా. బొటనవేలితో అంచంతా తడుముకుంటూ వచ్చి మధ్యలో ఆగి, ఇక్కడ పెద్దది ఆపింది, చిన్నది అందుకుంది అని తెర మన మొహాన పారేసింది. ఈమధ్య ఆ తెర పదేపదే గుర్తొస్తోంది.

ఎడమ సగం కూడా చేసెయ్యండి వదినా అని అడగలేదనుకోకు. చాలాసార్లు అడిగాను. మొదట్లో అడిగితే, కొత్త మిషన్ రానీ అంది. మిషన్ వచ్చింది. అడిగితే, దాని వాయిదాలు తీరనీ అంది. ఇంకోసారి కాస్త గట్టిగా అడిగాను. చేసేస్తే ఇక చూపించడానికి ఏముంటుంది, నీకు మాత్రం ఆ ముందు బల్ల దగ్గర పనేముంటుంది అని నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్న మాటకి ఏడవడం ఎలాగో నాకు చేతకాలేదు. తల ఊపి వచ్చి కూర్చున్నాను.

ఇంకో సంగతి. నేను లావెక్కకూడదు. పొట్ట జారితే గీత వంకర పోతుందట. భోజనానికి కూర్చుంటే వదిన కన్ను నా కంచం మీదే ఉంటుంది. ఆ రెండో లడ్డూ ఎవరికమ్మా అంటుంది అందరి ముందూ. రెండో లడ్డూకే ఇలా ఉంటే రెండో బిడ్డ సంగతి చెప్పాలా? పాపకి తమ్ముడో చెల్లెలో కావాలని మీ బావకీ నాకూ ఉంది. కానీ మళ్ళీ కడుపొస్తే మళ్ళీ అదే గీత మీద కోస్తారు. నా మరదలికి కాస్త ఓపిక పట్టమని చెప్పు అంటే అర్థముంది గానీ, తమ్ముణ్ణి కూర్చోబెట్టి, నీ పెళ్ళాం కడుపు ఇంకొన్నాళ్ళు ఖాళీగా ఉండాలిరా, వ్యాపారం అని చెప్పిందట. ఈయన ఆ మాట నాకు మోసుకొచ్చి చెప్పి, అటు తిరిగి పడుకున్నాడు.

మీ బావ చెడ్డవాడు కాదు. ఆ ప్రకటనలో ఫొటో తీసింది ఆయనే. రెండుసార్లు మసకగా వస్తే మళ్ళీ తీశాడు. మనం వెళ్ళిపోదామండీ అన్నాను ఒకసారి. ఎక్కడికి అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకూ తెలియదు.

పాప మొన్న స్నానం చేయిస్తుంటే నా పొట్ట మీద వేలు పెట్టి, అమ్మా, నేను మంచి సగంలోంచి వచ్చానా, చెడ్డ సగంలోంచి వచ్చానా అని అడిగింది. దానికెవరు చెప్పారో మంచి, చెడ్డ అని. మెట్ల మీద కూర్చుని రోజూ వింటుంది కదా. మొత్తం గీతలోంచి వచ్చావే తల్లీ అన్నాను. అది నమ్మలేదు. మంచి సగంలోంచే వచ్చానని పోట్లాడి, సబ్బు నురగ కుడి పక్కే రాసింది. అప్పుడు మాత్రం ఏడ్చాను. నీళ్ళలో ఎవరికీ తెలియలేదు.

గంట. రెండు.

ఈసారి ముగ్గురొచ్చారు. ఒకే ఇంటివాళ్ళు, తోటికోడళ్ళు. ముగ్గురివీ ఆపరేషన్ కాన్పులేనట. ముగ్గురూ వంతులవారీగా తడిమారు. వెళ్ళేటప్పుడు ఒకామె నాకు థాంక్స్ చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తెలియనట్టు నా బటన్ల వంక చూసి చెప్పింది.

సరే, నీ సంగతికి వద్దాం. నువ్వు వస్తానన్నావని మీ బావ నోరు జారాడు. వదిన ముఖం వెలిగిపోయింది. తప్పకుండా రమ్మని రాయి, ఇంటి మనిషి కాబట్టి పైసా తీసుకోను అని రాయి అంది. రాశాను, చూడు. వదిన మాటగా రాశాను. ఇంటి మనిషివి కాబట్టి అన్న మాట నాకు బాగా తెలుసు. నాకూ ఆవిడ ముందు చెప్పింది అదే. నీ సంగతి విని ఇంకేమైనా ఆలోచన వచ్చిందేమో, చెల్లెలిది కూడా అలాగే ఉంటుందా, అదే రంగా అని రెండుసార్లు అడిగింది. నేను తెలీదన్నాను.

ఇక అక్క మాటగా ఏం రాయాలి? రావే అని రాయలేను. రావద్దు అని రాస్తే, నీకు బాగయ్యాక నాకెందుకు వద్దంటున్నావని అడుగుతావు. ఆ అడగడంలో న్యాయముంది. నీకు ఈ ఉత్తరం మీ బావ చేతుల మీదుగా వస్తుంది. సాయంత్రం క్లినిక్ ఉత్తరాలతో పాటు ఆయనే పోస్టులో వేస్తాడు. కాబట్టి ఇంతకంటే ఏం రాయను? తొందరపడకు. కాస్త ఆలోచించు. అంతే అనగలను.

చంటాడి బుగ్గ నా తరఫున గట్టిగా కొరుకు. మీ అత్తగారికి నమస్కారాలు. అద్దం మీది తువ్వాలు తీసెయ్, తువ్వాలు పాడవుతుంది.

నీకంటే ముందు పుట్టిన పాపానికి నీ మంచిచెడ్డలన్నీ మోస్తున్న,
అక్క.

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. అందుకే దీనికి వేరే కవరు. ఇది మీ బావకి ఇవ్వను. పాపని బడి నుంచి తేవడానికి వెళ్ళినప్పుడు నేనే డబ్బాలో వేస్తాను.

కవరు అంటించగానే రెండు గంటలు మోగాయి. వెళ్ళాను. అచ్చం నీ ఈడు పిల్ల. ఒళ్ళో బిడ్డ, చొక్కా మీద పాల తడి. వదిన కలం మూత పెట్టి చూపించింది. ఆ పిల్ల నన్ను ముట్టుకోలేదు. తలెత్తి నా మొహంలోకి చూసి, ఎడమ పక్క కూడా ఎందుకు చేయించుకోలేదండీ అని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేను నోరు తెరిచేలోగా వదిన నవ్వేసి, బిడ్డ గుర్తుగా ఉంచుకుంటుందటమ్మా, మావాళ్ళకి అన్నిటికీ సెంటిమెంటే అంది. ఆ పిల్ల నవ్వింది. గుమ్మంలో రసీదులు పట్టుకుని మీ బావ నవ్వాడు. నేనూ నవ్వాను మిడతా. బటన్లు పెట్టుకుంటూ నవ్వాను. బయటికొచ్చాక ఆ పిల్ల నాతో, మిమ్మల్ని చూశాక ధైర్యం వచ్చిందండీ అంది. నీ మాటే. అక్షరం పొల్లు పోలేదు.

నా పొట్ట మీద లేజర్ ఎప్పుడూ పెట్టలేదే. ఎడమ సగం మీదా లేదు, కుడి సగం మీదా లేదు. పాప పుట్టినప్పటి నుంచీ అది అంతే. ఆపరేషన్ బల్ల మీద నా నడుం కింద మొద్దుబారింది గానీ చెవులు మొద్దుబారలేదు. అడ్డంగా కట్టిన గుడ్డకి అవతల పెద్ద డాక్టరమ్మ కుడి కొస నుంచి కుట్టుకుంటూ వచ్చింది. సగంలో ఉండగా, పక్క గదిలో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని పిలిచారు. మిగతాది నువ్వు కానిచ్చెయ్ అని, పని నేర్చుకుంటున్న అమ్మాయికి సూది ఇచ్చి పరిగెత్తింది. ఆ అమ్మాయి చెయ్యి కుదరలేదో, తరవాత ఆ పక్క చీము పట్టినందుకో, ఎడమ సగం అలా లేచింది. కుడి సగం దానంతటదే మానింది. పాప పుట్టినప్పుడు వేసిన పోస్టుకార్డులో ఈ సంగతంతా నీకు రాయకపోవడానికి కారణం ఏమీ లేదు, అప్పుడు అది ఒక సంగతే కాదు. అమ్మ బతికి ఉంటే బొటనవేలితో ఒక్కసారి తడిమి, ఇక్కడ ఒకరు ఆపారు, ఒకరు అందుకున్నారు అని చెప్పేసేది.

దురదగా ఉందని, ఏదైనా మందు రాసిస్తుందని వదినకి చూపించాను. చాలాసేపు చూసింది. వేలితో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమింది. తరవాత తమ్ముణ్ణి కేకేసి కెమెరా తెమ్మంది. జరిగింది ఇంతే.

ఎడమ సగం మీద మిషన్ ఎందుకు పెట్టనివ్వదో ఇప్పుడు తెలిసిందిగా. లేజర్ ఉత్తదని నేను అనను. ఇక్కడ కొందరికి మెత్తబడింది, ఎరుపు తగ్గింది, దురద పోయింది. కళ్ళారా చూశాను. కానీ ఎవరిదీ నా కుడి సగంలా కాలేదు. ఎవరిదీ కాదు. వాళ్ళు నెలల తరవాత వచ్చి, మీదానిలా రాలేదేమండీ అని అడిగితే, ఒక్కొక్కరి చర్మం ఒక్కోలా ఉంటుందమ్మా అని వదిన చెప్తుంది. వాళ్ళు తమ చర్మాన్నే తిట్టుకుంటూ వెళ్తారు. నా చర్మం మీద కూడా పెడితే, నాదీ అలాగే అవుతుంది. అప్పుడు అందరికీ తెలిసిపోతుంది.

చంటాడికి పాలు మాన్పించకు. వింటున్నావా? ఆదివారం కాదు, నా పొట్ట చూసి ఏ వారమూ మాన్పించకు. అక్కడే ఇంకో డాక్టరుకి చూపించు. ఎంత తగ్గుతుందో, ఎంత తగ్గదో రెండూ చెప్పేవాళ్ళకి చూపించు. నా పొట్ట చూసి తెచ్చుకున్న ధైర్యం మాత్రం నాకు తిరిగి పంపించెయ్. ఇక్కడ దాని అవసరం నాకుంది.

ఆ పిల్ల ఇంకా వెళ్ళలేదు. నా ఎదుటి కుర్చీలో కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాల్సిన కాగితాలు తీసుకుని దాన్ని లోపలికి పంపించాలి. కాగితాలు నా మోచేతి కిందే ఉన్నాయి. ఇప్పుడే గంట మోగింది, ఒకసారి. అంటే తెమ్మని.

మళ్ళీ మోగింది. ఆ పిల్ల పాలిస్తూనే తలెత్తి, మిమ్మల్నే పిలుస్తున్నట్టున్నారండీ అంది.

నేనింకా లేవలేదు.